ముప్పై అయిదో నిమిషం

"హలో, జర జరుగుతరా? లేకుంటే ఆ పుస్తకం మీదనే కూసోమంటరా?"

మనస్విని నాతో మాట్లాడిన మొదటి మాట ఇది. మాకు పెళ్లయి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. ఇప్పుడు ఆ మాట రోజుకోసారైనా అనిపించుకోవడానికి కావాలనే సోఫా మధ్యలో కూర్చుంటున్నాను. కానీ ఆ రోజు, జూలై పద్నాలుగున, నాకు ఒళ్లు మండింది. సికింద్రాబాద్‌లోని లీగ్ గ్రౌండ్ మీద వాన మొదలైంది. గ్యాలరీకి పైకప్పు లేదు. నా పక్కన మా క్లబ్బు పుస్తకం ఉంది. అది తడవకూడదు.

"ఇది రికార్డండీ. తడిస్తే మళ్లీ రాయలేం" అన్నాను పుస్తకాన్ని ఒళ్లోకి లాక్కుంటూ.

"మా డాడీ గిట్లనే మాట్లాడ్తడు. మీకు ఫుట్‌బాల్ పిచ్చా, పుస్తకం పిచ్చా?"

"మీ డాడీ ఎవరు?"

ఆమె గ్రౌండ్ అవతలి వైపు చూపించింది. "గా బెంచీ దగ్గర తడుసుకుంట ఒర్లుతుండు సూడుండ్రి. గాయినే."

నేను లేచి నిలబడ్డాను. బసవరాజు గారి కూతురు!

బసవరాజు గారు మా క్లబ్బు సెక్రటరీ. క్లబ్బు పేరు మిల్ స్పోర్టింగ్, ఊరు నాచారం. పారిశ్రామికవాడలో దారం మిల్లు నడిచిన రోజుల్లో కార్మికులు పెట్టుకున్న జట్టు. మిల్లు మూతపడింది, జట్టు మిగిలింది. అద్దకంలో మిగిలిపోయిన రంగుతో మొదటి చొక్కాలు వేయించుకున్నారట. అందుకే ఈనాటికీ మా జెర్సీ వంకాయరంగు. అవతలి జట్ల వాళ్లు "గుత్తొంకాయ్! గుత్తొంకాయ్!" అని అరుస్తారు. మా అమ్మ ఉదయశ్రీది గోదావరి జిల్లా. ఆవిడ ఆ అరుపును దీవెనగా తీసుకుని మ్యాచ్ ఉన్న ప్రతిరోజూ గుత్తివంకాయ కూర వండుతుంది.

ఉప్పల్‌లో పెరిగి ఫుట్‌బాల్ చూస్తానంటే జనం జాలిపడతారు. మా కాలనీ మొత్తం క్రికెట్ స్టేడియం వైపు నడుస్తుంటే నేనొక్కణ్నే ఎదురు నడిచి నాచారం బస్సెక్కేవాణ్ని. మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ నా ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇతరుల తప్పులు పట్టుకోవడమే పని. అది తెలిసి బసవరాజు గారు పుస్తకం నా చేతిలో పెట్టారు. గోల్స్, మా ఆటగాళ్లకు పడిన ఎల్లో కార్డులు, అన్నీ నిమిషాలతో సహా రాయాలి. సీజన్‌లో మూడు ఎల్లో కార్డులు పడినవాడు తర్వాతి మ్యాచ్ ఆడకూడదు. ఎవరికెన్ని పడ్డాయో ఎవరి క్లబ్బు వాళ్లే చూసుకోవాలి.

ఆయన నన్ను 'రైటర్ సాబ్' అనేవారు. రెఫరీ జేబులో చెయ్యి పెడితే చాలు, ఆ చివర నుంచి "రాసినవా?" అని కేక వేసేవారు. మ్యాచ్ అయ్యాక సెంటర్ లైన్ మీద నిలబడి నన్ను వంగమని, నా వీపు మీద పుస్తకం పెట్టి సంతకం చేసేవారు. ఇరవై రెండేళ్లుగా అదే పద్ధతి, వీపులే మారాయి. "గ్రౌండ్ల జరిగిందానికి గ్రౌండ్లనే సంతకం గావాలె. బల్ల మీద జేసేది బ్యాంకు సంతకం" అనేవారు.

ఆ రోజు మనస్విని ఆయనకు బీపీ మాత్రలూ గొడుగూ ఇవ్వడానికి ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చింది. ఆయన మాత్రలు వేసుకుని గొడుగు తిప్పి పంపారు.

"పిల్లలు తడుస్తుంటె నేనెట్ల గొడుగు పడ్త అంట! ఉండుండ్రి, వీడియో తీసి మమ్మీకి పంపుత. ఇంటికి పోయినంక ఉంటది ఆయినకు" అంటూ ఫోన్ తీసింది.

నేను పుస్తకాన్ని చొక్కా లోపలికి దోపుకుంటున్నాను. ఫోన్ నావైపు తిరిగింది. ఆమె పకపకా నవ్వింది. "మమ్మీ, ఈ సారెవరో సూడు, పుస్తకానికి షర్టు కప్పి తను తడుస్తుండు!"

తర్వాత గొడుగు విప్పి సరిగ్గా నా పొట్ట దగ్గర, పుస్తకం ఉన్నచోట పట్టింది.

"గొడుగు పుస్తకానికే. మీరు తడవుండ్రి."

నేను తడిశాను. ఎంతసేపో తెలియదు. అంతకుముందే, ఆమె ఫోన్ తీసినప్పుడు, ఎక్కడో విజిల్ మోగినట్టుంది. "రాసినవా?" అని వానలోంచి కేక వినిపించింది. నేను అటు తిరిగి తలూపాను. మళ్లీ ఇటు తిరిగాను.

*

వీడియోలో నా బొమ్మ ఉంది కాబట్టి నాకూ పంపమన్నాను. అలా నంబర్ దొరికింది. పంతొమ్మిది సెకన్ల వీడియో. పదకొండో సెకనులో ఆమె నవ్వు. రెండు నెలల్లో అది రెండు వందల సార్లు విని ఉంటాను.

పోచారంలో ఆమె ఆఫీసు. ఉదయం ఎనిమిదింటికి ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఆఫీసు బస్సు ఎక్కాలి. అక్కడి స్కైవాక్ మీద రోజూ పది నిమిషాలు మావి. కింద బస్సుల హారన్లు, పైన మేమిద్దరం, ఒక కప్పు చాయ్.

"పెండ్లి సంగతి సీజన్ అయినంక డాడీతోని మాట్లాడుదాం. సీజన్ల ఆయినకు పండుగ తెల్వది, పబ్బం తెల్వది" అంది.

సీజన్ ఆఖరి మ్యాచ్ గెలిస్తేనే మేం పై అంచె అయిన 'ఎ' డివిజన్‌లో ఉంటాం. గెలిచాం, రెండు ఒకటి. మా అయిదో నంబరు గిరిధర్ ఎనభై ఎనిమిదో నిమిషంలో తలతో గోల్ కొట్టాడు. మా అభిమానుల్లో డప్పు వాయించే మహిపాల్ డప్పు పగలగొట్టి ఏడ్చాడు. బసవరాజు గారు నా వీపు మీద సంతకం చేసి, పుస్తకం పైకెత్తి అందరికీ చూపించారు. ఆదివారం వాళ్లింటికి వెళ్లి అడగాలని నిర్ణయించుకున్నాం.

బుధవారం లీగ్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. గిరిధర్‌కు మూడు ఎల్లో కార్డులు ఉన్నాయి. ఆఖరి మ్యాచ్ ఆడకూడనివాడు ఆడాడు. గెలుపు రద్దు. మిల్ స్పోర్టింగ్ బి డివిజన్‌కు దిగిపోయింది. అభ్యంతరం ఉంటే శుక్రవారం సాయంత్రం నాలుగింటికి కమిటీ ముందు చెప్పుకోవచ్చు.

గురువారం మిల్లు గదిలో అందరం చేరాం. మొదటి కార్డు జూలై పద్నాలుగున, ముప్పై అయిదో నిమిషంలో పడిందని కాగితంలో ఉంది. పుస్తకంలో ఆ పేజీలో మాత్రం ఏ కార్డూ లేదు.

"నాకు యాది లేదు కాకా" అన్నాడు గిరిధర్. "వానల నేను, అవతలోడు ఇద్దరం జారి పడ్డం. కార్డు వానికే సూపిండనుకున్న."

బసవరాజు గారు పుస్తకం మీద అరచెయ్యి వేశారు. "కార్డు తీసింది నేను గూడ సూసిన. ఎవ్వనికో కనిపించలె. రైటర్ సాబ్‌ని అడిగిన, తలకాయ ఊపిండు. రాయలేదంటె అది మనోనికి కాదు. అంతే! ఈ పుస్తకంల ఒక్క అబద్ధమున్నా, నేను మల్ల గ్రౌండ్ల అడుగు పెట్ట."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ నిమిషం నాకు గుర్తు లేదు. ఆ నిమిషంలో నాకు గొడుగు తప్ప ఏమీ గుర్తు లేదు.

ఇంటికి వచ్చి వీడియో తెరిచాను. ఎప్పుడూ పదకొండో సెకనుకు జరిపి చూసేవాణ్ని. ఈసారి మొదటి నుంచి చూశాను. వాన. బెంచీ దగ్గర బసవరాజు గారు. అయిదో సెకనులో ఆయన వెనక, మూలగా, రెఫరీ చెయ్యి పైకి లేచింది. చేతిలో ఎల్లో కార్డు. ఎదురుగా వంకాయరంగు వీపు, దాని మీద 5.

తర్వాత ఫోన్ తిరిగింది. నేను కనిపించాను. నోరు తెరుచుకుని, పుస్తకం వైపు కాదు, గ్రౌండ్ వైపు కాదు, ఫోన్ పట్టుకున్న మనిషి వైపు చూస్తున్నాను.

*

శుక్రవారం ఉదయం స్కైవాక్ మీద మనస్విని ముందే వచ్చి ఉంది. చాయ్ కొనలేదు.

"సూసినవా?" అంది.

"ఏది?"

"నాటకాలొద్దు తేజూ. నీ మొకమే జెప్తుంది. అయిదో సెకండు."

"నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న. డాడీ ఆ కాగితం మమ్మీకి సదివి వినిపిస్తుంటె తారీఖు విన్న. బాత్రూంల కూసోని సూసిన." ఆమె గొంతు తగ్గించింది. "నా ఫోన్ల డిలీట్ జేసిన. మమ్మీ ఫోన్ల గూడ తీసేసిన. నీ దగ్గర ఒక్కటే ఉంది. తీసెయ్."

"సాయంత్రం మీ నాన్నగారు కమిటీ ముందు ఆ పుస్తకం మీద చెయ్యి వేసి చెప్తారు."

"జెప్పనీ. గెలిస్తె గెలుస్తడు. ఓడిపోతె, లీగోల్లే తప్పు రాసిన్రనుకుంటడు. రెండు దినాలు తిట్టుకోని ఊకుంటడు. నువ్వు జెప్పినవనుకో, ఇరవై రెండేండ్ల నమ్మకం ఒక్క నిమిషంల పోతది. గా తర్వాత మన పెండ్లి మాట ఎవరెత్తుతరు? నువ్వెత్తుతవా?"

"చెప్పకపోతే?"

ఆమె రెయిలింగ్ పట్టుకుని కిందికి చూసింది. "చెప్పకపోతె మనం మంచిగుంటం."

"మనూ, ఆ వీడియోలో నీ నవ్వు దాకా వెళ్లాలంటే ఇక నేను రోజూ ఆ అయిదో సెకను దాటి వెళ్లాలి."

"అయితే సూడకు!"

"నిన్నూ చూడకూడదా?"

ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. "మొదటి దినమే సమజ్ అయింది నాకు. నీకు పుస్తకమే ఎక్కువ. గొడుగు గూడ దానికే పట్టిన సూడు, గది నా తప్పు."

మెట్లు దిగి వెళ్లిపోయింది. పోచారం బస్సు వచ్చింది. ఎక్కేముందు ఎప్పుడూ పైకి చూసి చెయ్యి ఊపేది. ఆ రోజు ఊపలేదు.

*

మధ్యాహ్నం రెండింటికి మిల్లు గదికి వెళ్లాను. బసవరాజు గారు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో చుడుతున్నారు.

"మంచిగొచ్చినవ్ రైటర్ సాబ్! నువ్వు గూడ నడువు. కమిటీ అడిగితె నీ నోటి తోని నువ్వే జెప్పాలె."

"సార్, పుస్తకం తప్పు."

ఆయన నవ్వారు. "మజాక్ జెయ్యకు. నా బీపీ సంగతి నీకెర్క."

ఫోన్ తీశాను. సౌండ్ తీసేసి చూపించవచ్చు. అయిదో సెకను దగ్గర ఆపి, ఒక్క బొమ్మే చూపించవచ్చు. బొటనవేలు ఆ బటన్ మీదే ఉంది. కానీ అలా చూపిస్తే సగమే నిజం. సగం రాసిన పుస్తకం వల్లే ఇదంతా వచ్చింది. సౌండ్ పూర్తిగా పెంచి ఆయన చేతికిచ్చాను.

ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. వాన చప్పుడు, ఆయన అరుపు, ఆ వెంటనే గదంతా నిండిపోయేలా ఆ నవ్వు. "మమ్మీ, ఈ సారెవరో సూడు..."

మళ్లీ చూశారు. మూడోసారి మధ్యలో ఆపారు.

"అయిదో నంబరే. గిరిగాడే."

"అవును సార్."

"నేనడిగిన. నువ్వు తలకాయ ఊపినవ్."

"ఊపాను సార్. మీరేం అడిగారో కూడా పట్టించుకోలేదు."

"గప్పుడు నువ్వు యాడ సూస్తున్నవ్?"

జవాబు ఆయన చేతిలోనే ఉంది. ఆయన ఫోన్‌ను బల్ల మీద బోర్లించారు.

"ఈ నవ్వు మా మనూది."

"అవును సార్."

"ఎన్ని దినాల సంది?"

"జూలై పద్నాలుగు నుంచి సార్. ముప్పై అయిదో నిమిషం నుంచి."

ఆయన లేచి, కవర్లో చుట్టిన పుస్తకం చంకలో పెట్టుకుని, నన్ను దాటి బయటికి నడిచారు. స్కూటర్ స్టార్ట్ కావడానికి నాలుగు కిక్కులు పట్టింది. వెనక సీటు ఖాళీగానే వెళ్లింది.

కమిటీ ముందు ఆయన అన్నది ఒక్కటే మాటట. "మా పుస్తకం తప్పు. సంతకం నాది. తప్పు గూడ నాదే." నా పేరు ఎత్తలేదు. ఆ సాయంత్రం గిరిధర్, మహిపాల్ వాళ్లందరికీ నేనే చెప్పాను.

మహిపాల్ నా మీదికి వచ్చాడు. "ఒక పిల్లని సూస్కుంట కార్డు ఇడిసిపెట్టినవా? నలభై ఏండ్ల క్లబ్బును బి డివిజన్‌కి నూకినవా? గా పిల్ల ఎవరే, గంత..."

"బసవరాజు గారమ్మాయి."

మహిపాల్ నోరు మూసుకున్నాడు. కాసేపటికి గిరిధర్‌తో గొణిగాడు. "గట్లయితె తప్పు సెక్రటరీ ఇంట్లదే కదనే."

*

తొమ్మిది రోజులు మనస్విని ఫోన్ ఎత్తలేదు. రోజూ ఎనిమిదింటికి స్కైవాక్ మీద నిలబడ్డాను. ఆమె వేరే స్టాప్‌లో బస్సు ఎక్కుతోందని అర్థమయ్యాక కూడా నిలబడ్డాను. పదో రోజు చాయ్ కప్పు ఒకటి నా మోచేతికి తగిలింది.

"జర జరుగుతరా?"

జరిగాను. ఆమె పక్కన నిలబడి రోడ్డు వైపే చూస్తూ మాట్లాడింది.

"ఆ వీడియో పంపు. డాడీ అడుగుతుండు."

"ఎందుకు?"

"తెల్వది. నన్ను అడిగిండు, డిలీట్ జేసిన అన్న. 'నువ్వు తీసేసినవ్. గా పోరడు తెచ్చి నా చేతుల పెట్టిండు' అన్నడు. గంతే. ఇంకేమనలె. నాకు ఎంత సిగ్గయిందో తెల్సా?" చాయ్ నా చేతిలో పెట్టింది. "నాకు గూడ పంపు."

ఆయన మాత్రం అన్న మాట మీదే నిలబడ్డారు. గ్రౌండ్‌లో అడుగు పెట్టలేదు. పుస్తకాన్ని ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేశారు.

డిసెంబర్‌లో బి డివిజన్ మొదలైంది. ఏడుస్తూ వెళ్లినవాళ్లం. తీరా చూస్తే బి డివిజన్ మ్యాచ్‌లు ఎవరి గ్రౌండ్‌లో వాళ్లకే, ఆదివారం పొద్దున ఏడింటికి. సికింద్రాబాద్ పోనక్కర్లేదు, ఆఫీసులో అబద్ధం చెప్పి పర్మిషన్ తీసుకోనక్కర్లేదు. మా మిల్లు గ్రౌండ్‌కు ఇరవై ఏళ్ల తర్వాత జనం వచ్చారు. గిరిధర్ భార్య సంతోషి తన మొగుడు ఆడగా చూడటం అదే మొదటిసారి. "ఇన్ని దినాలు నువ్వు పరిగెత్తుతవనుకున్న. నువ్వు నడుస్తవా?" అని టచ్‌లైన్ దగ్గర నుంచి అరిచింది. ఆ రోజు గిరిధర్ నిజంగానే పరిగెత్తాడు. చెంగిచెర్ల జట్టు మీద నాలుగు కొట్టాం. 'ఎ' డివిజన్‌లో నాలుగు గోల్స్ కొట్టడానికి మాకు రెండు నెలలు పట్టేది.

"గుత్తొంకాయ్!" అని చెంగిచెర్ల వాళ్లు మొదలుపెట్టగానే మా అమ్మ డబ్బా మూత తీసింది. ఇంటర్వెల్‌లో అరిచినవాళ్లే వచ్చి ఇడ్లీలో నంజుకుని తిన్నారు.

"కిందికి పడ్డమనుకున్నం గని, మన వాకిట్లనే పడ్డమే" అన్నాడు మహిపాల్. కొత్త డప్పు కొన్నాడు. నాతో మాట్లాడటం కూడా ఆ రోజే మళ్లీ మొదలుపెట్టాడు.

అంత సందడిలోనూ నా చూపు ప్రహరీ గోడ మీదే ఉంది. గోడ అవతల, రోడ్డు మీద, ఒక ఇనుప స్టూల్ ఎక్కి బసవరాజు గారు నిలబడి ఉన్నారు. తల మాత్రమే కనిపిస్తోంది. రెఫరీ కార్డు తీశాడు. ఆయన నోరు తెరిచి, గుర్తొచ్చి మూసుకున్నారు.

ఆ మూసుకున్న నోరు చూడటం కన్నా తిట్లు తినడం నయం అనిపించింది.

*

సంక్రాంతి దాటాక మా అమ్మానాన్నలు వాళ్లింటికి వెళ్లారు. మా నాన్న విజయభాస్కర్ ఉప్పల్‌లో సర్వే ఆఫీసు ఉద్యోగి. ముప్పై ఏళ్లు మ్యాపులు గీసిన మనిషి. చుట్టు తిరుగుడు మాటలు రావు.

"మావాడు మీకు నష్టం చేశాడు. అది తెలిసే పిల్లనడగడానికి వచ్చాం" అన్నారు.

బసవరాజు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తలుపు వెనక మనస్విని, ఆమె పక్కన వాళ్లమ్మ తారామణి గారు. సోఫా అంచున నేను.

"తప్పు జేసిండు" అన్నారు చివరికి. "గది పోదు. గని సార్, నలభై ఏండ్ల సంది ఆట సూస్తున్న. రెఫరీ కంట్ల పడని ఫౌల్‌ని వచ్చి ఒప్పుకున్నోన్ని ఒక్కన్ని సూడలె. పిల్లనిస్త." నా ఊపిరి బయటికి వచ్చేలోపే ఇంకో మాట అన్నారు. "గ్రౌండ్ల మాత్రం అడుగు పెట్ట. గా మాట ఎవ్వరెత్తొద్దు."

తలుపు వెనక నుంచి మనస్విని వచ్చేసింది. "అయితే నా పెండ్లి మిల్లు గ్రౌండ్లనే."

"మనూ!"

"కన్యాదానం జెయ్యాలంటె లోపలికి రావాలె డాడీ. లేకుంటె గోడ మీదికెల్లి జేస్తవా?"

తండ్రీ కూతుళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరిదీ ఒకటే మొండితనం. ఎవరు గెలిచినా ఓడేది నేనే అని అప్పుడే తెలిసింది.

*

ఫాల్గుణంలో ముహూర్తం. ఆదివారం, తొమ్మిది గంటల నలభై రెండు నిమిషాలు. సెంటర్ సర్కిల్‌లో పందిరి. గీతలు వేసే బండితో మహిపాల్ సున్నం ముగ్గులు పెట్టాడు. అందులో ఒకటి పెనాల్టీ బాక్స్‌లాగే ఉంది.

ఎనిమిదిన్నరకు తారామణి గారు పెళ్లికొడుకు బట్టల తాంబాళం తెచ్చిచ్చారు. పట్టు పంచె కింద చేతికి గట్టిగా ఏదో తగిలింది. బీరువాలో ఉండాల్సిన క్లబ్బు పుస్తకం. జూలై పద్నాలుగు పేజీలో ఒక ఎర్ర పెన్ను గుచ్చి ఉంది. పేజీ అడుగున మనస్విని చేతిరాత: "సాక్షి: గొడుగు పట్టినామె." పైన నేను రాయడానికి చోటు వదిలింది.

ఎర్ర పెన్ను తీసి ఆ ఖాళీలో రాశాను.

తొమ్మిదింటికి పీటల మీద కూర్చున్నాను. తొమ్మిదిన్నర అయింది. గేటు బయట, తెల్ల పంచె, వంకాయరంగు కండువాతో బసవరాజు గారు నిలబడి ఉన్నారు. లోపలికి రావడం లేదు.

"కన్యాదాత రావాలి" అన్నారు పంతులు గారు. రెండోసారి అన్నారు. మూడోసారి వాచీ చూసుకుంటూ అన్నారు. సన్నాయి ఆగింది. తెర అవతల నుంచి మనస్విని గాజుల చప్పుడు కూడా వినపడలేదు.

నేను లేచాను.

"పీటల మీద నుంచి లేవకూడదురా!" అని అమ్మ కంగారుగా కేక వేసింది.

నుదుటి మీద బాసికంతో, చేతిలో పుస్తకంతో గేటు దాకా నడిచాను. మా మధ్య ఒక సున్నం గీత ఉంది. పుస్తకం తెరిచి ఆయనకు చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని నెమ్మదిగా పైకే చదివారు.

"ముప్పై అయిదో నిమిషం. అయిదో నంబరు, గిరిధర్. ఎల్లో కార్డు. రాయనివాడు, తేజేష్. కారణం, ఎదుట మనస్విని."

ఆయన మీసం కదిలింది. అదుపులో పెట్టుకున్నారు.

"ఒక్క అబద్ధమున్నా అడుగు పెట్టనన్నారు. ఇప్పుడు ఇందులో అబద్ధం లేదు సార్" అన్నాను.

"సెక్రటరీ సంతకం లేదు. సంతకం లేని దిద్దుబాటు చెల్లదు."

"మీరు చెయ్యాలి."

"చేస్త. పెన్ను తే."

ఇచ్చాను. ఆయన పెన్ను మూత తీశారు. పుస్తకాన్ని గేటు స్తంభానికి ఆనించబోయి ఆగారు. ఇరవై రెండేళ్ల అలవాటు చేతిని పట్టుకుంది. స్తంభం వైపు చూశారు. నా వైపు చూశారు. నా భుజం మీదుగా దూరంగా సెంటర్ లైన్ వైపు చూశారు.

"టైం ఎంతయింది రైటర్ సాబ్?"

"తొమ్మిదీ ముప్పై ఎనిమిది."

ఆయన చెప్పులు విడిచారు. సున్నం గీత ముందు ఒక్క క్షణం నిలబడి, వంగి నేలను ముట్టుకుని కళ్లకద్దుకున్నారు. కుడి కాలు లోపల పెట్టారు. మహిపాల్ డప్పు మీద ఒక్క దెబ్బ పడింది. ఆయన వేగంగా నడిచారు. నేను పంచె ఎత్తిపట్టుకుని వెనక పరిగెత్తాను. సెంటర్ లైన్ మీద ఆగారు.

"వంగు."

వంగాను. పట్టు కండువా మీద పుస్తకం ఆనింది. పెన్ను ఒత్తిడి ఒక్కో అక్షరం నా వీపుకు తెలుస్తోంది. సంతకం అయిపోయింది. పుస్తకం లేచింది. అరచెయ్యి మాత్రం నా వీపు మీదే ఉంది. తియ్యలేదు.

నేను వంగే ఉండి అడిగాను.

"రాశారా, మావయ్యా?"

"రాసిన అల్లుడా" అన్నారు బసవరాజు గారు. "ఇగ నడువు, టైం అయితుంది."